కొత్తవాళ్లను పెట్టుకునేటప్పుడు పీఎఫ్ కన్సల్టెంటు అవసరమా? మా బట్టల షాపు నుంచి ఒక రివ్యూ

పీఎఫ్ కన్సల్టెంటుకు నెలనెలా 3,000 రూపాయలు ఇవ్వడం దండగ అని మా మామయ్య ఇప్పటికీ అంటారు. వరంగల్ జేపీఎన్ రోడ్డులో ఆయన షాపు నడిపిన రోజులు వేరు. తెలిసినవాళ్లు ఒక పిల్లగాణ్ని వెంటబెట్టుకొని వస్తారు. "ఏ ఊరు, ఎవరి కొడుకువు" అని ఈయన అడుగుతారు. "సరే, రేపటి నుంచి రా" అంటారు. ఉద్యోగం ఖాయం. కాగితం లేదు, కలం లేదు.

ఇప్పుడు షాపు నేనూ మా ఆయనా చూసుకుంటున్నాం. ఆయన సరుకు కోసం సూరత్ తిరుగుతారు, మనుషుల సంగతి నాది. 2025లో పెళ్లిళ్ల సీజన్‌కు ముందు హన్మకొండలో రెండో షాపు తెరిచాం. దానికి నలుగురు కొత్తవాళ్లు కావాల్సి వచ్చింది. ఈఎస్ఐ, అంటే పనివాళ్ల వైద్య బీమా, మాకు ముందునుంచీ ఉంది. పీఎఫ్, అంటే జీతంలోంచి కోసి దాచే భవిష్యనిధి, లేదు. అడిగి పెట్టుకుంటే మంచిదని హన్మకొండలో ఒక లేబర్ లా కన్సల్టెంటు ఆఫీసుకు వెళ్లాను. ఇది ఆ ఆఫీసు గురించి. పేరు రాయడం లేదు. ఇందులో మెచ్చుకోలూ ఉంది, తిట్లూ ఉన్నాయి, పైగా ఇప్పటికీ వాళ్లతోనే పని చేయించుకుంటున్నాం.

నాకు నచ్చినది మొదట చెబుతా. ఆ సార్ ఫీజు గురించి మాట్లాడలేదు, మనుషుల లెక్క అడిగాడు.

"ఎంతమంది ఉన్నరు మేడమ్?"

"పద్నాలుగు మంది సార్. కొత్తగా నలుగురు వస్తే పద్దెనిమిది."

"మగ్గం పనివాళ్లు లేరా మరి?"

"ముగ్గురున్నారు. వాళ్లది పీస్ లెక్క, జీతం కాదు."

"ఎక్కడ కూసుంటరు?"

"మా మేడ మీదనే."

"పని ఎవరిస్తరు?"

"మేమే."

"ఇంకేంది మరి, వాళ్లు మీ మనుషులే. ఊడ్చే ఆమె?"

ఆమెను కూడా కలిపితే 22. పీఎఫ్ చట్టం 20 మంది దగ్గర మొదలవుతుంది. పీస్ లెక్కన చేసినా, మధ్యలో కాంట్రాక్టరు ఉన్నా, పని మన షాపుది అయితే ఆ మనిషి లెక్కలోకి వస్తాడు. ఒకసారి పీఎఫ్ కిందికి వచ్చాక, రేపు ముగ్గురు మానేసి 20 కంటే తగ్గినా బయటికి రాలేం. ఇదంతా ఆయన అయిదు నిమిషాల్లో చెప్పాడు. ఇదే సంగతి అంతకు ముందు మా జీఎస్టీ చూసే అబ్బాయిని అడిగితే "మీకు పద్దెనిమిదే కదా మేడమ్, ఏం కాదు" అన్నాడు. పాపం, అతని తప్పేం లేదు, మేడ మీద మగ్గాలు ఉన్నాయని అతనికి తెలియదు. అడగాలని తోచలేదంతే. కన్సల్టెంటుకు మనం ఇచ్చే డబ్బు ఈ అడగడానికే అని నా ఉద్దేశం. ఫారాలు నింపడం నెట్ సెంటర్ పిల్లగాడు కూడా చేస్తాడు.

రెండో మాట జీతం గురించి. ఇంకో చోట ఒకాయన నాకు ఉపాయం చెప్పాడు. 15,000 జీతంలో బేసిక్ 7,000 చూపించి మిగతాది హెచ్ఆర్ఏ (ఇంటద్దె), కన్వేయన్స్ (రాకపోకల ఖర్చు) అని రాస్తే పీఎఫ్ సగానికి సగం తగ్గుతుందట. ఈ సార్ దగ్గర ఆ మాట ఎత్తితే నవ్వాడు. "ఆ రోజులు పోయినయ్ మేడమ్" అన్నాడు. 2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లు, అంటే కొత్త కార్మిక చట్టాలు, అమల్లోకి వచ్చాయి. పాత కేంద్ర చట్టాలు 29 వాటిలో కలిసిపోయాయి. అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగాన్ని కూడా వేతనం కిందే లెక్కేస్తారు. మేం అప్పుడప్పుడే కొత్తవాళ్లతో మాట్లాడుతున్నాం కాబట్టి, ఆ నెలలోనే లెక్క సరిచేసి పెట్టాడు. విడగొట్టడం ఏమీ లేకుండా జీతం మొత్తాన్నీ ఒకే వేతనంగా రాయించాడు.

ఆ లెక్క ఇక్కడ రాస్తున్నా, షాపులు నడిపేవాళ్లకు పనికొస్తుంది. జీతం 15,000. అమ్మాయి వైపు నుంచి పీఎఫ్ 12 శాతం అంటే 1,800, ఈఎస్ఐ 0.75 శాతం అంటే 113 పోతాయి. చేతికి వచ్చేది 13,087. మన వైపు పీఎఫ్ ఇంకో 1,800. అందులో 1,250 పెన్షన్‌కు, 550 ఆమె ఖాతాకు వెళ్తాయి. బీమా కింద 75, అడ్మిన్ చార్జీలు 75, ఈఎస్ఐ 3.25 శాతం అంటే 488. అంటే 15,000 జీతం మనిషికి మనకయ్యేది 17,438. ప్రొఫెషనల్ టాక్స్ తెలంగాణలో 15,000 వరకు లేదు. అది దాటి 20,000 వరకు 150, ఆ పైన 200. మనిషిని మాట్లాడుకునే ముందే ఈ కాగితం చేతిలో ఉంటే "ఎంతిస్తరు మేడమ్" అన్నప్పుడు తడబడకుండా చెప్పొచ్చు. చేతికి ఎంతో ఒక మాట, మొత్తం ఎంతో ఒక మాట. నేనిప్పుడు రెండూ చెబుతున్నాను.

కొత్తవాళ్లు ఏమీ అనలేదు. గొడవంతా పాతవాళ్లతోనే వచ్చింది. పీఎఫ్ వచ్చిందంటే అందరికీ వస్తుంది కదా. పదేళ్లుగా చీరలు మడతపెడుతున్న మనిషికి ఉన్నట్టుండి నెలకు 1,800 తగ్గుతుందంటే ఊరుకుంటాడా? "నాకొద్దమ్మా ఈ పీఎఫ్, నా పైసలు నాకియ్యి" అన్నాడు మా సీనియర్. 15,000 లోపు జీతమున్నవాళ్లకు వద్దనే వీలు లేదు. అప్పుడు ఆ సార్ స్వయంగా షాపుకు వచ్చి, షట్టర్ దించాక అందరినీ గద్దెల మీద కూర్చోబెట్టి చెప్పాడు. జరగరానిది జరిగి మనిషి పోతే ఇంటివాళ్లకు 7 లక్షల దాకా బీమా వస్తుందని, పదేళ్లు సర్వీసు నిండితే 58 ఏళ్ల తర్వాత పెన్షన్ ఉంటుందని, బిడ్డ పెళ్లికి అందులోంచి తీసుకోవచ్చని. చివరి మాట దగ్గర మా సీనియర్ మెత్తబడ్డాడు. మేం కూడా పాతవాళ్లకు కొంత పెంచాం, అది వేరే సంగతి. ఇలా షాపుకు వచ్చి మాట్లాడడం ఫీజులో లేని పని. దీనికి మాత్రం పూర్తి మార్కులు.

ఇక క్యాషియర్. హైదరాబాద్‌లో ఒక మాల్‌లో చేసి వచ్చాడు, జీతం 22,000. "నాకు పీఎఫ్ లేదు మేడమ్, మొత్తం చేతికే ఇయ్యండి" అన్నాడు. మొదటిసారి ఉద్యోగంలో చేరేవాడికి వేతనం 15,000 దాటితే పీఎఫ్ లేకుండా ఉండే వీలుంది, పాత ఖాతా ఉన్నవాడికి మాత్రం లేదు. ఫారం 11 ఉన్నది ఇది అడగడానికే. ఆఫీసులో పనిచేసే అమ్మాయి ఆధార్ నంబరు కొట్టగానే అతని పాత యూఏఎన్ (పీఎఫ్ ఖాతాదారు నంబరు) బయటపడింది. మాల్‌వాళ్లు కట్టారు, ఇతనికే తెలియదు. అందులో ఉన్న డబ్బు చూసి అతనే ఎక్కువ సంబరపడ్డాడు. ఈఎస్ఐ మాత్రం అతనికి రాదు, దాని పరిమితి 21,000.

మిగతా ముగ్గురివి కొత్త యూఏఎన్‌లు. 2025 ఆగస్టు నుంచి కొత్త యూఏఎన్ అంటే ఉమంగ్ యాప్‌లో ముఖం చూపించి తీసుకోవాల్సిందే. రాయడానికి ఒక్క ముక్క, చేయడానికి సగం రోజు. స్టాక్ రూములో వెలుతురు చాలలేదు. నర్సంపేట అమ్మాయిని షాపు ముందు బొమ్మల పక్కన నిలబెట్టాం. "చున్నీ తియ్యమ్మా, ఫోన్ దించకు, కళ్లు ఆర్పు, మళ్లీ ఆర్పు" అని కన్సల్టెంటు ఆఫీసు అమ్మాయి చెబుతుంటే, చీరలు చూడడానికి వచ్చినవాళ్లు కూడా ఆగి చూశారు. గుండ్రం పచ్చగా మారేసరికి అందరూ చప్పట్లు. పరకాల పిల్లది మాత్రం కాలేదు. ముఖంతో సమస్య లేదు, ఆధార్‌తోనే వచ్చింది. పదో తరగతి మెమోలో పుట్టిన తేదీ ఒకటి, ఆధార్‌లో జనవరి 1. మన పల్లెల్లో సగం మంది జనవరి 1నే పుట్టారని ఆధార్ చెబుతుంది కదా. పెళ్లయ్యాక ఇంటిపేరు కూడా మారింది. ఇప్పుడు కాగితాలు చేసేస్తే రేపు డబ్బు తీసుకునేటప్పుడు ఏడుస్తుంది, ముందు ఆధార్ సరిచేయించుకుని రమ్మని పంపింది ఆ అమ్మాయి. ఈలోగా బ్యాంకు పాస్‌బుక్కులో పేరు కూడా సరిచూసింది. నెమ్మదిగా, విసుక్కోకుండా. ఆఫీసు మొత్తంలో అసలైన పనిమంతురాలు ఆమే, సార్ కాదు.

ఈఎస్ఐ విషయంలో వీళ్ల పద్ధతి ఇంకా గట్టిది. చేరిన 10 రోజుల్లోపు పేరు నమోదు చేయాలని రూలు. వీళ్లు మాత్రం చేరిన రోజే చేస్తారు. ఆ రోజు ఉదయం వాట్సాప్‌లో ఫొటో, ఆధార్, ఇంట్లోవాళ్ల వివరాలు పంపకపోతే ఫోన్ మీద ఫోన్. నాకు మొదట చిరాకేసింది. రెండో వారంలోనే గోదాములో బేల్ దించుతూ కొత్త అబ్బాయి నిచ్చెన మీది నుంచి పడ్డాడు, చేయి విరిగింది. ఇన్సూరెన్స్ నంబరు అప్పటికే ఉంది. ఈఎస్ఐ డిస్పెన్సరీలో చూపించి వైద్యం మొదలుపెట్టాం. యజమాని వైపు నుంచి ఇవ్వాల్సిన ప్రమాద రిపోర్టు ఆ సాయంత్రమే ఆన్‌లైన్‌లో పెట్టారు. పనిలో దెబ్బ తగిలితే మొదటి రోజు నుంచే వర్తిస్తుంది, ఇన్ని నెలలు కట్టి ఉండాలనే షరతు లేదు. పని చేయలేని రోజులకు వేతనంలో 90 శాతం ఈఎస్ఐ ఇస్తుంది. ఆ అబ్బాయి వాళ్ల నాయన వర్ధన్నపేట నుంచి కోపంగానే వచ్చాడు. కాగితాలు చూపించాక చాయ్ తాగి వెళ్లాడు.

ఇక తిట్లు.

అపాయింట్‌మెంట్ ఆర్డరు. కొత్త కోడ్‌ల ప్రకారం ప్రతి ఒక్కరికీ రాసి ఇవ్వాలి, ఊడ్చే ఆమెకైనా సరే. వీళ్లు పంపింది నాలుగు పేజీల ఇంగ్లిష్. చదివితే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సేల్స్ అమ్మాయికి 90 రోజుల నోటీస్ పీరియడ్! కంపెనీ రహస్యాలు బయటపెట్టరాదట. మా రహస్యమల్లా ఏ చీర మీద ఎంత తగ్గిస్తామన్నదే, అది జేపీఎన్ రోడ్డు మొత్తానికి తెలుసు. వివాదాలు బెంగళూరు కోర్టుల పరిధిలోకి వస్తాయని కూడా ఉంది. ఎవరో సాఫ్ట్‌వేర్ కంపెనీకి చేసిన కాగితం మీద మా షాపు పేరు అతికించారు. తెలుగులో ఇవ్వమని అడిగితే "ఫార్మాట్ లేదు మేడమ్" అన్నారు. వరంగల్‌లో కూర్చొని తెలుగు ఫార్మాట్ లేదంటే ఎట్లా? చివరికి నేనే రెండు పేజీల్లో రాసి, అదాలత్ దగ్గర డీటీపీ చేయించాను. పేరు, చేరిన తేదీ, పని ఏమిటి, జీతం ఎంత, కోతలు ఎంత, పని గంటలు, వారం సెలవు, మానేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి. అంతే. కింద "చదివి వినిపించారు, అర్థమైంది" అని వాళ్ల సంతకం. ఒక కాపీ వాళ్లకు, ఒకటి మాకు. సార్ చూసి "బాగుంది మేడమ్, ఒకటి మాక్కూడా పంపండి" అన్నాడు. పంపాను, ఫీజు మాత్రం తగ్గించలేదు.

సెలవుల దగ్గర మాత్రం ఆయన సలహా మంచిదే. మన షాపుల చట్టం 1988 నాటిది. 240 రోజులు పనిచేసినవాళ్లకు 15 రోజుల జీతంతో సెలవు, అది కాక క్యాజువల్ 12, అనారోగ్యానికి 12 ఉన్నాయి. రోజుకు 8 గంటలు, వారానికి 48. ఇవి ఆర్డరులోనే రాస్తే సద్దుల బతుకమ్మ నాడు, మేడారం జాతర నాడు గొడవ ఉండదన్నాడు. 2026 జనవరి చివర మేడారం వచ్చింది. సగం మంది సమ్మక్క దగ్గరికి పోతామన్నారు. ఎవరి ఖాతాలో ఎన్ని సెలవులున్నాయో చూసి వంతులవారీగా పంపాం. పోయినసారి జాతరకు ఇదే విషయమై మనస్పర్థలు వచ్చాయి.

ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోవద్దని కూడా ఆయనే చెప్పాడు. మన దగ్గర చాలా షాపుల్లో, స్కూళ్లలో ఇది అలవాటు, మెమోలు బీరువాలో పెట్టుకుంటే మనిషి మధ్యలో పోడని. జిరాక్స్ తీసుకొని, ఒరిజినల్ చూసి వెంటనే ఇచ్చేయమన్నాడు. 14 ఏళ్లలోపు పిల్లల్ని పండగ రోజుల్లో సాయంగా కూడా పెట్టుకోవద్దని, వయసుకు రుజువు ఫైల్లో ఉండాలని గట్టిగా చెప్పాడు. ఒక సేల్స్ అమ్మాయి తన తమ్ముణ్ని సంచులు అందించడానికి తీసుకొస్తానంటే నేను వద్దన్నాను.

రెండో తిట్టు, లైంగిక వేధింపుల కమిటీ గురించి. 10 మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే ప్రతి చోటా 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి, లేకపోతే 50,000 దాకా జరిమానా. వీళ్లు ఒక కాగితం పంపి "పేర్లు నింపి గోడకు పెట్టండి, బయటి సభ్యురాలిగా మీ చెల్లెలి పేరో ఎవరిదో రాయండి" అన్నారు. ఇది నాకు అసలు నచ్చలేదు. మా దగ్గర పనిచేసేవాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలు. రాత్రి తొమ్మిదింటికి షాపు కట్టేసి బస్సెక్కుతారు. కష్టమొస్తే చెప్పుకోవడానికి మా చెల్లెలు దేనికి? బయటి సభ్యురాలు అంటే మహిళల కోసం పనిచేసే సంస్థ మనిషో, ఈ విషయాలు తెలిసినావిడో అయి ఉండాలి. తెలిసిన లాయరమ్మ ఒకరిని నేనే అడిగి ఒప్పించాను. సభ్యుల్లో సగానికి తగ్గకుండా ఆడవాళ్లు, అధ్యక్షత కూడా ఆడవాళ్లదే. పేర్లు, ఫోన్ నంబర్లు తెలుగులో రాసి ట్రయల్ రూముల పక్కన పెట్టాం. చట్టాన్ని గోడకు అతికించే కాగితంగా చూసే ఈ అలవాటు కన్సల్టెంట్లందరిలోనూ ఉంది.

మూడోది, ఊరించడం. కొత్తవాళ్లను పెట్టుకుంటే కేంద్రం మనిషికి నెలకు 3,000 ఇస్తుందని మొదటి రోజే ఆశ పెట్టారు. పథకం నిజమే, ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన. 2025 ఆగస్టు 1 నుంచి 2027 జులై 31 లోపు చేరినవాళ్లకు వర్తిస్తుంది. కానీ ఆ 3,000 వేతనం 20,000 దాటినవాళ్ల మీద. 10,000 దాటి 20,000 వరకు ఉన్నవాళ్ల మీద 2,000. మాలాంటి 50 మంది లోపు సంస్థ కనీసం ఇద్దరిని అదనంగా పెట్టుకోవాలి, వాళ్లు ఆరు నెలలు నిలవాలి. సీజన్ అయిపోగానే మానేస్తే ఏమీ రాదు. మొదటిసారి పీఎఫ్‌లో చేరినవాళ్లకు కూడా నేరుగా ఒక నెల వేతనం, 15,000 మించకుండా, రెండు విడతలుగా వస్తుంది. మొదటిది ఆరు నెలల తర్వాత, రెండోది ఏడాది నిండి ఆర్థిక అక్షరాస్యత పాఠం పూర్తిచేశాక. ఈ సంగతి మా అమ్మాయిలకు నేను చెప్పాను, కన్సల్టెంటు చెప్పలేదు. మనిషి నిలవాలంటే మనకొచ్చే 2,000 కంటే వాళ్లకొచ్చే ఆ డబ్బే ఎక్కువ పనిచేస్తుంది.

అన్నిటికంటే పెద్ద ఫిర్యాదు ఓటీపీది. పీఎఫ్ రిజిస్ట్రేషన్ చేసేటప్పుడు పోర్టల్‌లో వాళ్ల ఆఫీసు ఫోన్ నంబరే ఇచ్చారు. "మీకెందుకు మేడమ్ టెన్షన్, ఓటీపీ కోసం మాటిమాటికీ ఫోన్ చేయాల్సి వస్తది" అని. దాంతో మా ఖాతాలోకి మేమే పోలేం. కట్టామా లేదా అన్నది వాళ్లు చెబితేనే తెలుస్తుంది. పీఎఫ్, ఈఎస్ఐ రెండింటికీ గడువు మరుసటి నెల 15. ఆ వారంలో వాళ్లు ఫోన్ ఎత్తరు. చలాన్ కాపీ అడిగితే నెలాఖరుకు పంపుతారు. ఆలస్యమైతే వడ్డీ ఏడాదికి 12 శాతం, దాని మీద డ్యామేజెస్ అని జరిమానా. అవి కట్టేది మనం, కన్సల్టెంటు కాదు. ఉద్యోగి జీతంలోంచి కోసిన డబ్బు కట్టకపోతే అది క్రిమినల్ కేసు దాకా పోతుంది. మామయ్యకు చూపించడానికి కూడా నా దగ్గర రసీదు లేకపోతే నేనేం మాట్లాడను?

అయితే వీళ్లను మార్చాలా? మార్చడం లేదు. మనుషుల్ని తీసుకునే పని వరకు వీళ్లంత శ్రద్ధగా అడిగి చేసేవాళ్లు నాకు కనిపించలేదు. దానికి ఐదుకు నాలుగున్నర ఇస్తా. చేర్చుకున్నాక నెలనెలా జరిగే పనికి రెండున్నర. మీకు 10 మంది కూడా లేకపోతే నెల ఫీజు మీద కన్సల్టెంటు అక్కర్లేదు, ఒక్కసారి డబ్బిచ్చి సలహా తీసుకుంటే చాలు. 20కి దగ్గర్లో ఉంటే మాత్రం ఇరవయ్యో మనిషిని పిలిచే ముందే వెళ్లండి.

ఏప్రిల్ నుంచి ఫీజు 3,500 చేస్తామన్నారు. సరే అన్నాను, మూడు షరతులు పెట్టి. పోర్టల్‌లో ఫోన్ నంబరు నాది ఉండాలి, 16వ తేదీ సాయంత్రంలోపు చలాన్లు వాట్సాప్‌లో రావాలి, మా పని ఆ అమ్మాయే చూడాలి. మొదటి రెండిటికీ సార్ ఒప్పుకున్నాడు. మూడోదానికి, ఆమెకు జీతం పెంచాల్సి వస్తుందేమో అని నవ్వాడు. పెంచమన్నాను.